రెండు గడుల నడుమ

తరగతిలో తెలుగు వాచకం క్రింద మరొక పుస్తకం దాచుకొని చదవటం బాలబాలికలకు క్రొత్త విద్య కాదు. ఆ దాచుకొన్న పుస్తకం చాలవరకు బొమ్మల కథ అయి ఉంటుంది. పంతులుగారి కంటబడినదా, పుస్తకం బల్ల సొరుగులోనికీ, పిల్లవాడు బెంచీ మీదికీ పోతారు. అట్లా బెంచీ ఎక్కినవారిలో నేనూ ఒకడిని. తరువాత కొన్నేండ్లు అట్లా ఎక్కించినవాడినీ నేనే. విచిత్రమేమంటే, అదే కథ తెరమీదికి వచ్చినప్పుడు దానిని సకుటుంబంగా చూడదగిన చిత్రమని మనమే మెచ్చుకొని, టిక్కెట్లు కొని, పిల్లలను వెంటబెట్టుకొని వెళ్తాము. కాగితం మీద కాలహరణమైనది తెరమీద కాలక్షేపం ఎట్లా అవుతున్నది?

ఈ విషయమై విమర్శకులు చెప్పిన మాటలకంటె, బొమ్మల కథలను సృష్టించినవారు స్వయంగా చేసిన పనులు నాకు ఎక్కువ ఉపకరించినవి. తమ కథను చలనచిత్రంగా తీస్తామని ఎవరైనా వచ్చి అడిగినప్పుడు వారేమి చేసినారు? కొందరు సంతోషంగా ఇచ్చినారు. కొందరు తామే దర్శకులై తీసినారు. కొందరు ససేమిరా ఇవ్వమన్నారు. ఎవరు ఏ విషయమై పట్టుబట్టినారో గమనించినట్లయితే, ఆ కళలో వారు దేనిని ప్రాణంగా భావించినారో తెలుస్తుంది.

ముందు నా తరగతిలో జరిగిన ఒక చిన్న ప్రయోగం చెప్పుతాను. ఒకనాడు ఎనిమిదవ తరగతి పిల్లలకు నల్లబల్ల మీద రెండు గడులు గీచి, వాటిలో రెండు బొమ్మలు వేసినాను. (నాకు చిత్రకళ రాదు. నేను వేసిన మనుష్యులు అగ్గిపుల్లలవలె ఉంటారు.) మొదటి గడిలో ఒక మామిడిచెట్టు, దాని క్రింద చేతిలో రాయి పట్టుకొన్న పిల్లవాడు, చెట్టుకు ఆవల నెత్తిన నీళ్లకుండతో వస్తున్న ముసలమ్మ. రెండవ గడిలో పగిలిన కుండ పెంకులు, నడుముమీద చేతులు పెట్టుకొని నిలిచిన ముసలమ్మ. పిల్లవాడు లేడు. ఏమి జరిగినదని అడిగితే తరగతి అంతా ఒక్కసారిగా అరిచి చెప్పినది. కాని రాయి గాలిలో ఎగరటం నేను గీయలేదు. కుండ పగులుతున్న క్షణం గీయలేదు. పిల్లవాడు పరుగెత్తటమూ గీయలేదు. ఆ మూడు పనులూ చేసినవారు చదువరులే. అదే విషయాన్ని ఎవరికివారు అరపేజీలో వ్రాసి తీసుకొనిరండని చెప్పి పంపినాను. ఆ కాగితాల సంగతి తరువాత.

ఈ రహస్యాన్ని శాస్త్రంగా వివరించినవారు అమెరికన్ చిత్రకారులు స్కాట్ మెక్‌క్లౌడ్. 1993లో ఆయన బొమ్మల కథలను గూర్చి బొమ్మల కథ రూపంలోనే ఒక గ్రంథం వ్రాసినారు. గడికీ గడికీ నడుమ ఉండే తెల్లని సందులో చదువరి మనస్సు చేసే పనియే ఈ కళకు మూలమని ఆయన వాదం. ఆయనకు ముందే, 1978లో, విల్ ఐస్నర్ అనే పెద్ద చిత్రకారులు న్యూయార్కు నగరంలోని పేద యూదుల అద్దె ఇండ్ల జీవితాన్ని బొమ్మలలో కథలుగా చెప్పి, ఆ పుస్తకం అట్టమీద 'గ్రాఫిక్ నవల' అని వేయించినారు. మాట అంతకుముందే పుట్టినదిగాని, వ్యాప్తిలోనికి వచ్చినది ఆ పుస్తకంతోనే. మనం చిత్రనవల అనుకొందాము.

ఆ తెల్లని సందులో ఉన్నది కాలం. చదువరి అక్కడ నిలువదలచినంతసేపు నిలువవచ్చును. అర్థం కాకుంటే వెనుకటి గడికి పోవచ్చును. నవ్వు వచ్చిన గడిని పదిసార్లు చూడవచ్చును. సినిమాలో కాలం దర్శకుని చేతిలో ఉంటుంది. సెకనుకు ఇరువదినాలుగు బొమ్మల చొప్పున యంత్రం పరుగెత్తిస్తూ ఉంటే సందులన్నీ పూడిపోతాయి. రాయి ఎగరటం కనిపిస్తుంది, కుండ పగిలిన చప్పుడు వినిపిస్తుంది, పిల్లవాని పరుగుకు తగిన సంగీతమూ వస్తుంది. చూచేవానికి మిగిలిన పని ఏమిటి? బొమ్మల కథకులకు కలిగే చిక్కు సరిగ్గా ఇక్కడనే.

చార్లెస్ షుల్జ్ సంగతి చూడండి. 1950 అక్టోబరు 2వ తేదీన ఆయన 'పీనట్స్' అనే చిత్రకథను అమెరికా దినపత్రికలలో ప్రారంభించి, సుమారు 50 ఏండ్లపాటు తన చేతితోనే గీస్తూ వచ్చినారు. రోజుకు నాలుగు గడులు. కొందరు పిల్లలు, ఒక కుక్క. పెద్దలు కనిపించరు. కథానాయకుడు చార్లీ బ్రౌన్ ఎగురవేసిన గాలిపటం చెట్టు కొమ్మలకు చిక్కుకొంటుంది. ఆడిన ఆట ఓడిపోతుంది. చాల రోజులు కథలో పెద్దగా ఏమీ జరగదు. పిల్లవాడు ఒక మాట అంటాడు, మరుసటి గడిలో ఊరకే చూస్తూ ఉంటాడు, ఆ తరువాతి గడిలో ఇంకొక మాట అంటాడు. ఆ ఊరకుండటంలోనే కథ ఉన్నది.

ఇటువంటిదానిని 1965లో క్రిస్మస్ పండుగకు అరగంట టెలివిజన్ చిత్రంగా తీయవలసివచ్చినది. నిర్మాత లీ మెండెల్సన్, బొమ్మలకు చలనం కల్పించినవారు బిల్ మెలెండెజ్. గడువు కొద్ది నెలలు మాత్రమే. ఆనాటి అమెరికా టెలివిజన్ హాస్యకథలలో ఒక ఆచారం ఉండేది. పాత్ర ఒక చతురోక్తి అనగానే, ముందుగా శబ్దముద్రణ చేసి ఉంచిన జనసమూహపు నవ్వును వెనుకనుండి వినిపించేవారు. ఇంటిలో కూర్చున్నవారు అది విని తామూ నవ్వవలెనని ఉద్దేశం. షుల్జ్ దీనికి ఒప్పుకొనలేదు. పిల్లల పాత్రలకు పెద్ద నటులు గొంతు మార్చి పలకటం మరొక ఆచారం. ఈ చిత్రంలో చిన్నపిల్లలచేతనే పలికించినారు. వారిలో ఇంకా చదవటం రానంత చిన్నవారూ ఉండటంచేత ఒక్కొక్క మాట ముక్కనూ చెప్పి, దానిని తిరిగి పలికించి, ముక్కలు అతికించవలసివచ్చినది. అందుచేత ఆ సంభాషణలలో ఒక విధమైన తడబాటు, మాటకూ మాటకూ మధ్య ఒక విరామం ఏర్పడినవి. లూకా సువార్తలోని యేసు జనన ఘట్టాన్ని లైనస్ అనే పిల్లవాడు రంగస్థలం మీద నిలువబడి చదివే దృశ్యం కూడ షుల్జ్ పట్టుబట్టి ఉంచినదే. టెలివిజన్ వినోదంలో సువార్త ఏమిటని తోటివారే సంకోచించినారు.

పూర్తి అయిన చిత్రాన్ని చూచిన సి.బి.ఎస్. సంస్థ అధికారులకు అది రుచించలేదు. నడక మందంగా ఉన్నదన్నారు. అయినా ప్రసారం తేదీ నిర్ణయమైపోయినది గనుక 1965 డిసెంబరు 9న చూపక తప్పలేదు. ఆ రాత్రి అమెరికాలో టెలివిజన్ చూస్తున్నవారిలో సగానికి దగ్గరగా దానినే చూచినారు. ఎమ్మీ, పీబడీ పురస్కారాలు రెండూ దానికి వచ్చినవి. ఆ తరువాత దశాబ్దాల తరబడి ప్రతి డిసెంబరులోనూ అక్కడి కుటుంబాలు దానిని తిరిగి తిరిగి చూస్తూ వచ్చినవి.

అధికారులు మందగమనం అన్నది నిజానికి ఆ తెల్లని సందు. షుల్జ్ దానిని కాగితం మీదనుండి తెరమీదికి చెక్కుచెదరకుండా తీసుకొనిపోయినారు. ఎక్కడ నవ్వవలెనో ప్రేక్షకునికి చెప్పటమంటే ఆ సందును సిరాతో నింపటమే గదా!

ఇట్లా అన్నంతమాత్రాన షుల్జ్ వ్యాపారం ఎరుగని ఋషి అని అనుకొనరాదు. వ్యాపారపు హడావిడిలో పండుగ పరమార్థం మరుగునపడుతున్నదని బాధపడే ఆ చిత్రానికి ఖర్చు పెట్టినది కోకాకోలా కంపెనీ. ఆ పాత్రల బొమ్మలు చొక్కాలమీదా, పళ్లేలమీదా, ఆటవస్తువులమీదా కోకొల్లలుగా వచ్చినవి. ఆయన అభ్యంతరం చెప్పలేదు. దీనికి పూర్తిగా విరుద్ధంగా ప్రవర్తించినవారు బిల్ వాటర్సన్. ఒక అల్లరిపిల్లవాడు, వాని గుడ్డపులి ముఖ్యపాత్రలుగా 1985 నుండి 1995 వరకు ఆయన 'కాల్విన్ అండ్ హాబ్స్' చిత్రకథను నడిపినారు. ఆ పులి పిల్లవానికి మాత్రం సజీవం, తక్కినవారికి గుడ్డబొమ్మ. ఆటవస్తువుగా చేసి అమ్ముతామని ఎంత ధనం చూపినా ఆయన అంగీకరించలేదు. నిజమే, అంగడిలో గుడ్డపులిని కొనిపెట్టితే అది గుడ్డదా, సజీవమా అన్న ప్రశ్న ఆనాటితో తీరిపోతుంది. వాటర్సన్ పక్షమే నాకు ఎక్కువ నచ్చుతుందిగాని, షుల్జ్ తీయించిన చిత్రం చూచిన తరువాత ఆయనను తప్పుపట్టటానికి నోరు రాదు.

ఫ్రాన్సులో ఆస్టెరిక్స్ సృష్టికర్తలు గోసినీ, ఉదెర్జోల అనుభవం వేరు. 1959లో 'పిలోత్' పత్రికలో పుట్టిన ఆ కథపై 1967లో ఒక కదిలే బొమ్మల చిత్రం తయారైనది. అది తయారవుతున్న సంగతి వారిద్దరికీ ముందుగా తెలియనే తెలియదు! చూచి సంతోషించలేదు. మరొక చిత్రం సిద్ధమవుతూ ఉండగా దానిని ఆపించి, 1968లో క్లియోపాత్రా కథకు తామే దర్శకత్వపు భారం వహించినారు. 1974లో సొంత స్టూడియో నెలకొల్పుకొన్నారు. పదాలతో చమత్కారం, గడి మూలలలో దాగిన చిన్నచిన్న కొంటెతనాలు ఆ కథలకు ప్రాణం. అటువంటివి వెదకి పట్టుకొనటానికి కంటికి తీరిక కావలె.

ఇక అసలే ఇవ్వను అన్నవారు ఆర్ట్ స్పీగెల్మన్. ఆయన తండ్రి పోలండు దేశపు యూదుడు, ఔష్‌విట్జ్ నిర్బంధ శిబిరం నుండి ప్రాణాలతో బయటపడినవాడు. ఆ తండ్రి నోట విన్న కథను కుమారుడు 'మౌస్' అనే చిత్రనవలగా 1980 నుండి గీస్తూ వచ్చినారు. రెండు సంపుటాలు, 1986లో ఒకటి, 1991లో ఒకటి. యూదులను ఎలుకలుగా, జర్మనులను పిల్లులుగా చూపినారు. 1992లో దానికి ప్రత్యేక పులిట్జర్ బహుమానం లభించినది. రెండవ సంపుటాన్ని న్యూయార్క్ టైమ్స్ పత్రిక తన జాబితాలో కల్పిత గ్రంథాల క్రింద చేర్చగా, ఇది నా తండ్రి జీవితం, కల్పన కాదని గ్రంథకర్త ఉత్తరం వ్రాసినారు. పత్రికవారు దానిని యథార్థ గ్రంథాల జాబితాలోనికి మార్చినారు.

దీనిని సినిమాగా తీస్తామని ఆయనను అడిగినవారు అనేకులు. ఆయన అందరినీ తిరస్కరించినారు. కారణం నాకు తోచినంతవరకు ఆ పుస్తకంలోనే ఉన్నది. రెండవ సంపుటంలో ఒకచోట గ్రంథకర్త తన్ను తాను బల్లముందు కూర్చున్న మనిషిగా గీచుకొన్నారు. ముఖాన ఎలుక మొగము. కాని తల వెనుక దానిని కట్టిన దారం స్పష్టంగా కనిపిస్తుంది. అంటే ఆ ఎలుక తలలు జంతువుల తలలు కావు, ముసుగులు. మనుష్యులను జాతులుగా విడదీసి చూచిన పాలకులు తగిలించిన ముసుగులు. కాగితం మీద ముసుగు ముసుగుగానే నిలుస్తుంది. దాని వెనుకనున్న ముఖాన్ని ఊహించే పని మనది. అదే ఎలుక తెరమీద తోక ఆడిస్తూ పరుగెత్తినదా, ఇక అది ఎలుకయే. పిల్లలు ముచ్చటపడి చూస్తారు. ఔష్‌విట్జ్ ముచ్చటపడి చూడవలసినది కాదు.

2022 జనవరిలో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో మెక్‌మిన్ కౌంటీ పాఠశాలల పాలకమండలి ఈ పుస్తకాన్ని పాఠ్యక్రమం నుండి తొలగించినది. పదిమంది సభ్యులలో ఒక్కరైనా వ్యతిరేకించలేదు. కొన్ని తిట్టుమాటలు, ఒక చిన్న బొమ్మలో వస్త్రం లేని దేహం ఉన్నవన్నది వారు చెప్పిన కారణం. తొలగించినది ఎనిమిదవ తరగతి నుండి. నేను మామిడిచెట్టు గీచినదీ ఆ తరగతిలోనే కనుక ఆ వార్త నన్ను కొంత కలవరపెట్టినది. పాలకమండలివారి భయాన్ని నేను పరిహసించలేను. పదమూడేండ్ల పిల్లలముందు ఏమి పెట్టవలెనన్నది ప్రతి ఉపాధ్యాయునికీ నిజమైన చిక్కే. కాని లక్షల మంది హత్యను చెప్పే పుస్తకంలో ఏరి పట్టుకొన్నది తిట్టుమాటలనా? నిషేధ వార్త పొక్కగానే ఆ పుస్తకానికి గిరాకీ అమాంతంగా పెరిగినది. వాచకం క్రింద దాచుకొనే పుస్తకాల చరిత్రలో ఇది క్రొత్త విషయం కాదు.

ఇరాన్‌లో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన మర్జానె సత్రపి మరొక దారి తొక్కినారు. 1979 విప్లవకాలంలో పదేండ్ల బాలికగా తాను చూచినదానిని 'పెర్సెపోలిస్' పేరుతో 2000 నుండి 2003 వరకు నాలుగు సంపుటాలుగా నలుపు తెలుపు బొమ్మలలో చెప్పినారు. ఆమె సినిమాకు ఒప్పుకొన్నారుగాని, విన్సెంట్ పరొన్నో అనే మరొక చిత్రకారునితో కలిసి తానే దర్శకత్వం వహించినారు. నటులతో తీస్తే అది ఎక్కడో దూరదేశంలో మనవంటివారు కాని మనుష్యుల కథగా కనిపిస్తుందని, గీతలలో అయితే ఎవరికైనా తమ కథగా తోస్తుందని ఆమె అభిప్రాయం. 2007లో కాన్ చలనచిత్రోత్సవంలో జ్యూరీ బహుమానం పొందిన ఆ చిత్రం చేతితో గీచినదే. వర్తమానం రంగులలో ఉంటుంది, గతమంతా నలుపు తెలుపు. ఆ నలుపులో ఇండ్లు, వీధులు, సైనికులు దాదాపు కరగిపోతారు. మిగిలినదానిని మనం పూరించుకొంటాము. షుల్జ్ మౌనంతో సాధించినదానిని ఈమె నల్లసిరాతో సాధించినారు. ఈ పుస్తకానికీ 2013లో షికాగో పాఠశాలలలో ఏడవ తరగతి గదుల నుండి బహిష్కారం తప్పలేదు. ఈసారి విద్యార్థులే పుస్తకాలు పట్టుకొని నిరసన తెలిపినారు.

బొమ్మను చూపి, సందును చూచేవారికి వదలటం మనవారికి తెలియని విద్య కాదు. తెలంగాణలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు మూరల కొలది పొడవైన గుడ్డమీద ఎర్రని నేపథ్యంలో గడులు గడులుగా కథను గీస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కొక్క బొమ్మనూ చూపుతూ కథ నడిపేవారు. వినేవారు ఇల్లిల్లూ కదలివచ్చి కూర్చునేవారు. అక్కడ గడుల మధ్య సందును పాట, మాట కొంత నింపేవి, తక్కినది శ్రోతలకే. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాలమీద రామాయణం బొమ్మలకు తెలుగులో వివరణ వ్రాసి ఉండటం చూచినవారికి, బొమ్మల కథ పాశ్చాత్యుల నుండి దిగుమతి అయినదన్న మాట నమ్మబుద్ధి కాదు.

1947 జూలైలో 'చందమామ'ను ప్రారంభించిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1957లో 'మాయాబజార్' చిత్రాన్ని నిర్మించినారు. పిల్లల పత్రిక, కుటుంబమంతా చూచే సినిమా ఒకే ఇంటినుండి రావటం కాకతాళీయం అనుకొనను. 'చందమామ' ఇప్పుడు లేదు. కాని భుజాన శవంతో నడిచే విక్రమార్కుని శంకర్‌గారు గీచిన బొమ్మ ఒక తరం మనస్సులో ఇంకా నడుస్తూనే ఉన్నది, అది ఒక్క అడుగైనా కదలకున్నా. 'మాయాబజార్'లో ప్రియదర్శిని అనే పెట్టె ఒకటి ఉన్నది. తెరిచినవారికి వారివారి ప్రియవస్తువు అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునికి దుర్యోధనుడు, రేవతికి నగలు. ఆ పెట్టెను చూచినప్పుడల్లా, దర్శకులు కె.వి.రెడ్డిగారికి ప్రేక్షకుని మనస్సులోని ఆ సందు సంగతి బాగా తెలుసునని అనుకొంటాను.

బాపుగారిని తలచుకొనకుండా ఈ ప్రసంగం సాగదు. 'బుడుగు'కు బొమ్మలు వేసిన చేయి 1967లో 'సాక్షి'తో సినిమా దర్శకత్వానికి పూనుకొన్నది. చిత్రీకరణకు ముందే దృశ్యాలను గడులు గడులుగా బొమ్మలు గీచి పెట్టుకొనటం ఆయన పద్ధతి. అంటే ఆయన సినిమాలన్నీ మొదట బొమ్మల కథలే. వాటిని చూచేటప్పుడు నాకొక ఇబ్బంది కలుగుతుంది. 'సీతాకల్యాణం'లో కొన్ని దృశ్యాల వద్ద, ఈ బొమ్మను కొంచెంసేపు ఆపండి, చూచుకొంటాము, అని అరవాలనిపిస్తుంది. సినిమా ఆగదు. పుస్తకమైతే పేజీ త్రిప్పకుండా ఉండేవాడిని.

అదే 1967లో అనంత్ పాయ్‌గారు 'అమర్ చిత్ర కథ' ప్రారంభించినారు. టెలివిజన్‌లో జరిగిన ఒక ప్రశ్నోత్తరాల పోటీలో మన పిల్లలు గ్రీకు దేవతలను గూర్చి చెప్పగలిగి, రాముని తల్లి పేరు చెప్పలేకపోవటం చూచి ఆయన ఈ పనికి పూనుకొన్నారు. లక్షలాది పిల్లలకు మహాభారతం మొదట పరిచయమైనది ఆ పుస్తకాలలోనే. ఉపాధ్యాయులు బెంచీ ఎక్కించకుండా విడిచిపెట్టిన బొమ్మల కథలు కూడ అవే. కాని ఒక ఫిర్యాదు చెప్పక తప్పదు. బొమ్మలో కనిపిస్తున్నదానినే పైన అక్షరాలలో మరల చెప్పటం, రాక్షసులను ఎప్పుడూ నల్లగా గీయటం చదువరికి పనిలేకుండా చేస్తాయి. పాయ్‌గారు, 'బుడుగు'ను సృష్టించిన ముళ్లపూడి వెంకటరమణగారు ఇద్దరూ 2011 ఫిబ్రవరి 24న, ఒకే రోజున కన్నుమూసినారు. పిల్లలకు ఏమి తెలియవలెనో ఆలోచించినవారు ఒకరు, పిల్లలకు ఏమి తెలుసునో విన్నవారు మరొకరు.

నా ఎనిమిదవ తరగతి కాగితాల సంగతి చెప్పుతానన్నాను. నలుబదికి పైగా కాగితాలలో చాలవరకు ఒకటే కథ: పిల్లవాడు రాయి విసిరినాడు, గురి తప్పినది, కుండ పగిలినది, పారిపోయినాడు. ఇద్దరు ముసలమ్మచేత తిట్టించినారు. ఆ తిట్లను ఇక్కడ వ్రాయటానికి వీలు లేదు. చివరి బెంచీలో కూర్చునే ఒక బాలిక మాత్రం వేరుగా వ్రాసినది. రాయి విసిరినది ఆ పిల్లవాడు కాదట. బొమ్మకు బయట నిలుచున్న వాని అన్న విసిరినాడట. చేతిలో రాయి ఉన్నది గనుక తననే పట్టుకొంటారని భయపడి తమ్ముడు పారిపోయినాడట. 'అన్న ఎక్కడమ్మా, నేను గీయలేదే?' అని అడిగినాను. 'అందుకే అండీ, ముసలమ్మకు కూడ కనిపించలేదు' అన్నది.